చెవి మిషన్ పెట్టినా మాట అర్థం కావట్లేదంటున్న నాన్న.. మార్చాలా?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా నాన్నగారికి 66 ఏళ్లు. ముప్పై ఏళ్లకు పైగా రైస్ మిల్లులో పనిచేశారు. నాలుగైదేళ్లుగా వినికిడి తగ్గుతూ వచ్చింది. గత నెల ఒక షాపులో టెస్టు చేసి రెండు చెవులకూ మిషన్లు కావాలన్నారు. డబ్బు చూసుకుని కుడి చెవికి ఒక్కటే కొన్నాం. వారం పెట్టుకుని తీసేసి బీరువాలో పడేశారు. ‘గిన్నెల చప్పుడు తప్ప మనుషుల మాట వినపడట్లేదు’ అంటున్నారు. ఇంట్లో తెలుగు కొంత అర్థమవుతోంది గానీ, బ్యాంకులో, బజారులో ఎవరైనా ఒడియాలో మాట్లాడితే తెల్లమొహం వేస్తున్నారు. ఇన్నేళ్లూ ఒడియా బాగానే మాట్లాడిన మనిషి! మతిమరుపు మొదలైందేమోనని అమ్మకి ఒకటే టెన్షన్. మిషన్ మార్చాలా? ఆపరేషన్ ఏమైనా ఉందా?
– ఒక పాఠకురాలు

డాక్టర్ సలహా: ముందు ఆ మిషన్‌ని బీరువాలోంచి తీయించండి. మార్చాలా వద్దా అన్నది వారం రోజుల్లో తేలే విషయం కాదు.

మిల్లులో వడ్లు ఆడించే హల్లర్ మోత పక్కన ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకి లోపలి చెవిలోని సన్నని కణాలు దెబ్బతింటాయి. వయసు కూడా వాటి మీదే పడుతుంది. ఒకసారి పోయిన కణాలు మళ్లీ పుట్టవు కాబట్టి మందులతో గానీ ఆపరేషన్‌తో గానీ ఈ రకం చెవుడు తగ్గదు. ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ ఉంది కదా అని కొందరు అడుగుతారు. అది మిషన్‌తో కూడా ప్రయోజనం లేనంత తీవ్రమైన లోపం ఉన్నవాళ్లకి. మీరు రాసినదాన్ని బట్టి నాన్నగారు అంతవరకూ వెళ్లలేదు.

ఈ లోపంలో అన్ని శబ్దాలూ ఒకేలా తగ్గవు. ముందు పోయేవి సన్నని, పై స్థాయి శబ్దాలు. అచ్చుల బరువు చెవికి అందుతుంది గానీ స, చ, త, ప, క లాంటివి జారిపోతాయి. అమ్మగారు ‘పాలు’ అంటే ఆయనకి ‘చాలు’ అని వినపడొచ్చు. అందుకే ‘శబ్దం వినపడుతోంది, మాటే అర్థం కావట్లేదు’ అంటారు. ఇంకో తమాషా, గట్టిగా చెప్పమంటారు, గట్టిగా చెబితే ‘అరుస్తావేం’ అని కసురుకుంటారు. అది మొండితనం కాదు. చిన్న శబ్దం అందదు, పెద్ద శబ్దం భరించలేరు, మధ్యలో ఉండాల్సిన జాగా ఇరుకైపోతుంది.

ఇక ఒడియా సంగతి. మీ ఉత్తరంలో నాకు ముఖ్యమనిపించింది ఇదే. మాటలో సగం అక్షరాలు చెవికి అందనప్పుడు మిగతా సగాన్ని మెదడు ఊహించి పూరిస్తుంది. పుట్టినప్పటి నుంచీ విన్న భాషలో ఆ ఊహ చటుక్కున కుదురుతుంది. తర్వాత నేర్చుకున్న భాషలో, అదీ బజారు గోలలో, అంత సులువుగా కుదరదు. ఎంత బాగా మాట్లాడేవారైనా అంతే. సరిహద్దు జిల్లాల్లో రెండు భాషలతో బతికేవాళ్లలో చెవి తగ్గడం ముందుగా రెండో భాషలోనే బయటపడటం సహజం. కాబట్టి దీన్నిబట్టే మతిమరుపు అనేయొద్దని అమ్మగారికి చెప్పండి. వినికిడి లోపాన్ని వదిలేస్తే పెద్ద వయసులో మతిమరుపు ముప్పు పెరుగుతుందన్న మాట మాత్రం నిజం. జ్ఞాపకశక్తి పరీక్ష చేయించాలనుకుంటే మిషన్ పెట్టుకునే చేయించండి. ప్రశ్న వినపడక తప్పు చెప్పినా మార్కులు తగ్గుతాయి మరి.

షాపులో చేసిన టెస్టుతో ఆగిపోవద్దు. ఒకసారి ఈఎన్‌టీ డాక్టరు చెవిలోకి చూడాలి. గులిమి గట్టిపడి అడ్డుగా ఉన్నా, కర్ణభేరికి చిల్లు ఉన్నా ముందు దాని పని చూడాలి. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి వెళ్లినా, పాతపట్నం మీదుగా శ్రీకాకుళం వెళ్లినా మీ వీలు. ఏ శబ్దం ఎంతవరకు వినపడుతోందో చూపే ఆడియోగ్రామ్‌ని సౌండ్ ప్రూఫ్ గదిలో చేయించి, ఆ కాగితం మీ చేతికి తీసుకోండి. మాటలు వినిపించి తిరిగి చెప్పించే పరీక్ష కూడా ఉంటుంది. అది తెలుగులో చేయమని అడగండి. ఒడియా మాటలతో చేస్తే ఆయన అసలు స్థితి కన్నా తక్కువ చూపించే అవకాశం ఉంది.

పాత మందుల చీటీలు ఉంటే పట్టుకెళ్లండి. మీ ఊళ్లోనే ఉండి వాడుక తెలుగు కోసం పోరాడుతూ సవర గిరిజనుల భాష మీద అంత పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులుగారి చెవుడు మలేరియాకి మింగిన క్వినైన్ వల్లేనంటారు. ఇప్పుడు క్వినైన్ వాడకం తగ్గింది గానీ, జెంటామైసిన్, ఎమికాసిన్, స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు కూడా చెవిని దెబ్బతీయగలవు. ఎప్పుడైనా టీబీకో, పెద్ద ఇన్‌ఫెక్షన్‌కో అలాంటివి చేయించుకుని ఉంటే డాక్టరుకి చెప్పాలి.

ఇప్పుడు గిన్నెల గోల. స్టీలు పళ్లెం గట్టు మీద పెట్టిన చప్పుడు, పేపరు మడత, ఫ్యాను రొద, తన చెప్పుల టపటప – ఇవన్నీ నాన్నగారి మెదడు కొన్నేళ్లుగా వినలేదు. ఒక్కసారిగా అన్నీ వచ్చి మీద పడితే ఏది మాటో, ఏది పక్కకి నెట్టాల్సిన చప్పుడో దానికి తేల్చుకోవడం రాదు. అది మళ్లీ అలవాటవ్వాలి, దానికి వారాలు పడుతుంది, కొందరికి రెండు మూడు నెలలు. అందుకే తొలి రోజుల్లో టీవీ ఆపేసిన గదిలో, ఒక మనిషితో, రెండు మూడు గంటలు చాలు. రోజూ పేపరు పైకి చదవమనండి. చదివే మాట కంటికి తెలుసు కాబట్టి చెవికి జత కుదురుతుంది. మొదట్లో ‘నా గొంతు కుండలో తలపెట్టి మాట్లాడినట్టుంది’ అంటారు. కొంత అలవాటుతో పోతుంది, పోకపోతే చెవిలో పెట్టే రబ్బరు ముక్క మార్చి సరిచేస్తారు. రోజుకి కాస్త పెంచుకుంటూ, రెండు మూడు వారాలకి స్నానం, నిద్ర తప్ప రోజంతా ఉండేలా చూడండి. బజారు, పెళ్లిళ్లు ఆఖర్న. తొలి వారమే పెళ్లికి పెట్టుకెళ్లి బ్యాండు మేళం పక్కన కూర్చుంటే ఇక ఆ మిషన్‌ని మళ్లీ ముట్టుకోరు.

‘వినపడట్లేదు’ అని ఊరికే చెబితే ఆడియాలజిస్టు (వినికిడి పరీక్షించి మిషన్ సరిచేసే నిపుణులు) ఏమీ చేయలేరు. ఎక్కడ, ఎవరి గొంతు, ఏ చప్పుడు ఇబ్బంది పెట్టిందో ఒక కాగితం మీద రాసి రెండు మూడు వారాలకి తీసుకెళ్లండి. గిన్నెల చప్పుడు తగ్గించి మాట పెంచడం సెట్టింగుల్లో చాలావరకు కుదురుతుంది. నన్నడిగితే మిషన్ ఖరీదు కన్నా ఈ సెట్టింగులకి ఓపిగ్గా కూర్చునే మనిషి దొరకడం ముఖ్యం. కొన్నచోట అలా చేయకపోతే వేరే చోట చేయించండి.

మిషన్ కీచుమంటుంటే సాధారణంగా చెవిలో సరిగ్గా కూర్చోలేదనో, గులిమి అడ్డుందనో అర్థం. చిన్న బిళ్ల బ్యాటరీదైతే స్టిక్కర్ తీశాక ఒకట్రెండు నిమిషాలు గాలి తగలనిచ్చి వేయాలి. రాత్రి మిషన్‌కున్న బ్యాటరీ తలుపు తెరిచి, తేమ పీల్చే గుళికలున్న డబ్బాలో పెట్టాలి. చెమటకి పాడయ్యేవే ఎక్కువ. ఆ బ్యాటరీ బిళ్లలు చిన్నపిల్లలు మింగితే ప్రమాదం, వాళ్లకి అందకుండా ఉంచండి.

ఇంట్లోవాళ్ల పని కూడా కొంత ఉంది. వంటింట్లోంచి కేకేయకుండా ఎదురుగా వచ్చి, ‘నాన్నా’ అని పిలిచి, ఆయన చూశాక మాట్లాడండి. అరవక్కర్లేదు, కాస్త నిదానంగా చెబితే చాలు. అర్థం కాకపోతే అదే మాట నాలుగుసార్లు అనకుండా వేరే మాటలో చెప్పండి. ‘ఏం లేదులే’ అని మాత్రం అనొద్దు, వాళ్లని ఎక్కువ బాధపెట్టేది అదే.

రెండు చెవులకీ లోపం ఉంటే రెండో మిషన్ కూడా మేలే. గోలలో మాట పట్టుకోవడానికి, పిలుపు ఎటువైపు నుంచో తెలియడానికి రెండు కావాలి. ఈ ఒక్కటి అలవాటయ్యాక కొనుక్కోవచ్చు. 60 ఏళ్లు దాటిన పేద కుటుంబాల పెద్దలకి కేంద్రం 2017 నుంచి రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద మిషన్లు ఉచితంగా ఇస్తోంది, మీకు వర్తిస్తుందేమో జిల్లా సామాజిక భద్రత కార్యాలయంలో అడగండి. రెండు చెవుల్లోనూ లోపం 60 డెసిబెల్స్ దాటితే దివ్యాంగ సర్టిఫికెట్‌కి కూడా దరఖాస్తు చేసుకోవచ్చు.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. వినికిడి ఒక్కరోజులో హఠాత్తుగా పడిపోయినా, ఒకే చెవిలో హోరు మొదలైనా, కళ్లు తిరిగినా, చీము కారినా ఆ రోజే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. హఠాత్తుగా వచ్చిన చెవుడుకి స్టెరాయిడ్ మందులు ఎంత త్వరగా మొదలుపెడితే అంత బాగా పనిచేసే అవకాశం ఎక్కువ.