పద్నాలుగు గళ్ల కాగితం

విజయనగరం,
16-04-2020.

చిరంజీవి బుజ్జికి మేనత్త దీవించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

నిన్న రాత్రి మీ అమ్మ నాకొక ఫొటో పంపింది. హైదరాబాదులో నీ గది గోడకు నువ్వు అంటించుకున్న దినచర్య కాగితం అది. తెల్లవారుజామున నాలుగున్నరకు లేవడం మొదలు రాత్రి పదిన్నరకు దీపం ఆర్పడం దాకా పదహారు గళ్లు గీసి, ఒక్కొక్క గడికి ఒక్కొక్క రంగు వేశావు. శార్వరి ఉగాదికి ఇంటికి రావలసిన దానివి, రైళ్లు ఆగిపోయి, పండగ నాడే లాక్‌డౌన్ మొదలై, గదిలోని మిగతా ఇద్దరమ్మాయిలూ ముందే ఊళ్లకు వెళ్లిపోగా ఒక్కదానివే మిగిలిపోయావు. మొన్న 14వ తేదీన గడువును మే 3 దాకా పొడిగించారన్న వార్త వినగానే నువ్వు ఏడుస్తావేమోనని మేమందరం భయపడుతుంటే, స్కేలు తీసుకుని గళ్లు గీశావని తెలిసి నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. ఆ ఫొటోను పక్కింటి వాళ్లకు కూడా, గోడకు ఇవతలి నుంచే, చూపించాను.

ఆ తరువాత దానిని రెండోసారి చూసినప్పుడు మాత్రం నాకు భయం వేసింది. సరిగ్గా అలాంటి కాగితాన్నే నేను 1986లో గీశాను. నాది పద్నాలుగు గళ్లు.

నీళ్లు తాగమనీ, బయటి నుంచి రాగానే చేతులు కడుక్కోమనీ, బియ్యం, పప్పు, మందులు పది రోజులకు సరిపడా చూసుకోమనీ నేను ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. ఆ సంగతులు నీకు నాకంటే బాగా తెలుసు. నేను చెప్పదలచుకున్నది నా మోకాలి గురించి.

నా ఎడమకాలు ఎందుకు పూర్తిగా వంగదో నీకు ఇంతవరకు ఎవరూ చెప్పి ఉండరు. పెళ్లిళ్లలో అందరూ చాపల మీద కూర్చుంటే నాకు కుర్చీ వేస్తారు. వ్రతానికి పీట మీద కూర్చోలేక నేను తలుపు పక్కన నిలబడతాను. బస్సు దిగుతూ పడిపోవడం వల్ల అలా అయిందని ఇంటిల్లిపాదీ అనుకుంటారు, నేనూ కాదనకుండా ముప్పై నాలుగేళ్లు నెట్టుకొచ్చాను. విరిగిన ఎముకను డాక్టరు గారు చక్కగానే అతికించారు. మోకాలు బిగుసుకుపోవడం అచ్చంగా నా స్వయంకృతం.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఆగస్టు నెలలో, బడి నుంచి వస్తూ వానలో బస్సు మెట్టు మీద జారి పడ్డాను. మోకాలి కింది ఎముక విరిగింది. తొడ మొదలు కాలివేళ్ల దాకా సిమెంటుకట్టు వేసి ఎనిమిది వారాలు ఉంచారు. విప్పిన రోజున నా కాలును చూసి నేనే గుర్తుపట్టలేకపోయాను. కదలక కండ అంతా కరిగిపోయి మునగకాడలా అయింది. ఇన్నాళ్లు బిగించి ఉంచిన మోకాలు తనంతట తాను వంగదనీ, మంచం అంచున కూర్చుని కాలిని కిందికి వేలాడదీసి, నెమ్మదిగా వంచుతూ చాపుతూ పూటకు ఇరవైసార్లు, రోజుకు మూడు పూటలు చేయాలనీ, మొదటి వారాలు పోతే మళ్లీ రావనీ డాక్టరు గారు మీ తాతయ్యకు కూడా వినిపించేలా చెప్పారు. ఇంకా ఆరు వారాలు ఇల్లు కదలవద్దన్నారు.

ఆ సాయంత్రమే నేను బడి రిజిస్టరులోంచి చించిన ఠావు మీద గళ్లు గీశాను. ఇల్లు కదలని మనిషికి పనేముంటుంది, ఈ ఆరు వారాల్లో ఎం.ఏ. పరీక్షకు చదివేద్దాం, హిందీ నేర్చుకుందాం, దిండు గలీబులకు కుట్లు వేద్దాం అనుకున్నాను. ఐదు గంటలకు మోకాలు, ఐదున్నరకు శ్లోకాలు, ఆరుకు వ్యాకరణం, ఆరు నలభై ఐదుకు రేడియోలో ప్రాంతీయ వార్తలు, ఇలా సాగింది వరస. నాలుగు రోజులు గడియారం ముల్లు నన్ను చూసి నడిచిందంటే నమ్ము. ఐదో రాత్రి కరెంటు పోయి, దోమల వల్ల తెల్లవార్లూ నిద్ర లేక, కళ్లు తెరిచేసరికి ఎనిమిదయింది. నాలుగు గళ్లు అప్పటికే పోయాయి. ఇవాళ్టికి కాగితం చెడిపోయింది, రేపు శుభ్రంగా మొదటినుంచీ మొదలుపెడదాం అని మధ్యాహ్నం మోకాలు కూడా మానేశాను. చూశావా, మధ్యాహ్నపు కసరత్తుకు పొద్దుటి వ్యాకరణంతో ఏమిటి సంబంధం? అయినా మానేశాను.

ఆ రేపు రాలేదు. మధ్యాహ్నం పడుకోవడం, రాత్రి మేలుకోవడం, తెల్లవారాక మళ్లీ పడుకోవడం అలవాటయింది. వెలుతురు కళ్లలో పడుతోందని కిటికీ తలుపు మూయించాను. కాగితాన్ని చూస్తే సిగ్గు వేసి దాని మీద క్యాలెండరు తగిలించాను. నాతో పనిచేసే టీచరమ్మ రెండుసార్లు చూడటానికి వస్తే, నిద్రపోతున్నానని మీ నాన్న చేత చెప్పించాను. పాపం వాడప్పుడు ఇంటరు చదివేవాడు, అబద్ధం చెప్పి చెవులు ఎర్రబడి లోపలికి వచ్చేవాడు. కసరత్తు సాగుతోందా అని మీ తాతయ్య అడిగినప్పుడల్లా సాగుతోందని చెప్పేదాన్ని. మూడు వారాల తరువాత ఆసుపత్రిలో డాక్టరు గారు నా మడమ పట్టుకుని వంచబోతే, కాలు చెక్కలా ఆయన చేతిలో నిలబడిపోయింది. ఆయన కోప్పడలేదు. మీ తాతయ్య వంక ఒకసారి చూసి, చీటీ మీద ఏదో రాసుకున్నారు.

ఆ రోజు నుంచి సంగతి మీ నాయనమ్మ చేతిలోకి వెళ్లింది. ఆవిడకు గళ్లూ గంటలూ తెలియవు. రోజుకు మూడుసార్లు ఏదో ఒకటి గ్లాసులో పోసి తెచ్చేది: పొద్దున్న కాఫీ, మధ్యాహ్నం మజ్జిగ, సాయంత్రం మళ్లీ కాఫీ. మంచం పక్కన నిలబడి, గ్లాసును చేతికి అందీ అందకుండా పట్టుకుని, "కాలు దించవే, అప్పుడే ఇస్తాను" అనేది. నేను పళ్ల బిగువున వంచుతూ ఉంటే ఇరవై లెక్కపెట్టేది, నేను ఏడిస్తే పద్నాలుగు తరువాత మళ్లీ పన్నెండుకు వెళ్లేది. కాఫీ చల్లారిపోయేది. ఆవిడ పుణ్యమా అని కుర్చీలో కూర్చునేంత, బస్సు మెట్టు ఎక్కేంత మోకాలు తిరిగి వచ్చింది. బాసింపట్టు వేసుకునేంత మాత్రం ఇక రాలేదు. మిగిలింది ఎంత ఉన్నా అది ఆ గ్లాసుల వల్ల వచ్చిందే. నేను లేచినా లేవకపోయినా, చదివినా చదవకపోయినా కాఫీ వేళకు కాఫీ వచ్చేది కనుక, దానికి ముడిపెట్టిన పని కూడా జరిగిపోయేది.

కాబట్టి బుజ్జీ, నీ పదహారు గళ్లలో ఏవి తప్పిపోయినా ఫరవాలేదో, ఏవి తప్పకూడదో ముందు విడదీయి. జర్మను భాష, గిటారు పాఠాలు, రోజుకు నలభై పేజీల చదువు మంచివే, కుదిరిన రోజున చేసుకో. కానీ అవి గోడ మీద అక్కర్లేదు. తప్పకూడనివాటిని ఒకదానితో ఒకటి ముడిపెట్టకు, ఎలాగూ రోజూ జరిగే దానికి ముడిపెట్టు. పాలపొట్లం తలుపు దగ్గర పడిన చప్పుడుకు లేవాలి. పొయ్యి మీద పాలు పెట్టి, అవి కాగేలోగా బాల్కనీ తలుపు తీసి ఆ వెలుతురులో నిలబడాలి. పొద్దున్న కంట్లో పడే వెలుతురును బట్టే ఒంట్లోని గడియారం రాత్రి నిద్రకు వేళ కట్టుకుంటుంది. నేను కిటికీ మూయించి చేసుకున్న నష్టం అదేనని చాలా ఏళ్ల తరువాత తెలిసింది. నాలుగున్నరకు లేవడం నీ వల్ల కాదు, ఆ సంగతి నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆరున్నరకు లేచినా, ఆదివారంతో సహా రోజూ ఆరున్నరకే లే.

సూర్యనమస్కారాలు యాభై అని రాశావు. చిన్నప్పుడు బడి ఆటల్లో తప్ప ఎప్పుడూ నడుం వంచని పిల్ల మొదటి రోజు యాభై చేస్తే రెండో రోజు మంచం దిగదు. ఆరు చెయ్యి. వారం గడిచాక ఎనిమిది చేయవచ్చు. ఆఫీసు ఫోను మోగినప్పుడల్లా లేచి నిలబడి, గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకు నడుస్తూ మాట్లాడు. సాయంత్రం ఏడు దాటితే కర్ఫ్యూ కనుక, నడవాలనిపిస్తే దానికి ముందే మీ ఇంటి మెట్లు రెండుసార్లు ఎక్కి దిగు.

ఇంకొక మాట, కోపం తెచ్చుకోకు. ఆ ఫొటోలో కాగితం పక్కన మంచం, మంచం మీద ముద్దగా దుప్పటి, దుప్పటి మీద కంప్యూటరు, దాని పక్కన సగం ఖాళీ అయిన చిప్స్ పొట్లం కూడా పడ్డాయి. మేనత్త కళ్లు కాగితం దగ్గర ఆగవు. మంచం మీద పని చేయకు. గదిలో మేజా లేకపోతే ఇస్త్రీ బల్లను గోడకు జరిపి దాని మీద పెట్టుకో. పొద్దున్న దుప్పటి మడిచి, తల దువ్వి జడ వేసుకుని, రాత్రి బట్టలు మార్చుకున్నాకే అక్కడ కూర్చో. ఆఫీసు పనిలో కెమెరా పెట్టనక్కరలేదు కదా అంటావు, జడ కెమెరా కోసం కాదమ్మా. మధ్యాహ్నం మరీ కళ్లు మూతలు పడితే కుర్చీలోనే పావుగంట కునుకు తియ్యి, మంచం ఎక్కవద్దు. పగటి నిద్ర అంటే నాకు ఇప్పటికీ హడలు. ఇది నా పిచ్చి అనుకున్నా సరే, విను.

తిండి విషయంలో నేను నీకు వంటలు నేర్పబోను. చోడిపిండి దొరికితే తెచ్చుకో, అక్కడ రాగిపిండి అని అడగాలి. వంద గ్రాముల చోళ్లలో 340 మిల్లీగ్రాముల పైచిలుకు కాల్షియం ఉంటుంది, జావ కాయడానికి పది నిమిషాలు పట్టదు. తినేటప్పుడు తెర ముందు కాక కంచం ముందు కూర్చో.

రాత్రి కోసం ఒక పని చెబుతాను, ఇది నీ కాగితంలో లేదు. తొమ్మిదింటికి మిగిలిన పాలను గోరువెచ్చగా చేసి, చిటికెన వేలు ముంచితే వెచ్చగా తగిలి చురుక్కుమనకుండా ఉన్నప్పుడు, అర చెంచా పెరుగు వేసి కలిపి మూత పెట్టు. ఆ గిన్నెను ఇక కదపకూడదు. వార్తలు చూడాలనుకుంటే దానికి ముందే ఒక్కసారి చూసుకో. ఎన్ని కేసులు, ఎంతమంది పోయారు అన్న లెక్కలు నిద్రకు ముందు చూడవద్దు. తోడు వేశాక ఫోను వంటింట్లోనే, ఆ గిన్నె పక్కనే ఉంచి, పక్క గదిలోకి వచ్చి పడుకో. మీ తాతయ్య పోయాక ఒంటరిగా ఉన్న ఆ మొదటి ఏడాది మీ నాయనమ్మ ఒక్కదాని కోసమే పావు లీటరు పాలు తోడు వేసుకునేది, పొద్దున్న లేచి చూసుకోవడానికి ఏదో ఒకటి ఉండాలే అనేది.

ఏదో ఒక రోజు నువ్వు ఎనిమిదింటికి లేస్తావు. ఆ రోజున నాకు అబద్ధం చెప్పకు, కాగితం మీద క్యాలెండరు తగిలించకు. ఎనిమిదింటికే పాలు పొయ్యి మీద పెట్టి బాల్కనీ తలుపు తియ్యి, అక్కడి నుంచి రోజు మామూలే. ఎవరైనా ఫోను చేస్తే నిద్రపోతున్నానని చెప్పించడానికి నీకు తమ్ముడు కూడా అక్కడ లేడు కనుక, సాయంత్రం ఆరింటికి రోజూ నేనే చేస్తాను. రెండు నిమిషాలు చాలు. పలకకపోతే ఆరూ ఐదుకు మళ్లీ చేస్తాను, ఆ తరువాత మీ అమ్మకు చెబుతాను.

ఈ ఉత్తరాన్ని మీ నాన్న చేత ఫొటో తీయించి పంపుదామనుకున్నాను కానీ, చెవులు ఎర్రబడిన సంగతి చదివితే వాడు బాధపడతాడు. ఎదురింటి కుర్రాడి చేత పంపిస్తున్నాను. రేపు ఆరింటికి ఫోను ఎత్తినప్పుడు పెరుగు తోడుకుందో లేదో ముందు చెప్పు.

ఆశీస్సులతో,
నీ మేనత్త