వెనక బ్యాటరీ ఎందుకు నిండదు?

పాఠకుల ప్రశ్నలకు పర్లాకిమిడి ఆటో ఎలక్ట్రీషియన్ జవాబులు

ప్రశ్న: మేస్త్రి గారికి నమస్కారం. మాది బరంపురం. పాత మినీ వ్యాన్ ఒకటి కొని వెనక మంచం, 12 వోల్టుల చిన్న ఫ్రిజ్, ఫ్యాన్, రెండు లైట్లు పెట్టించాను. అమ్మానాన్నల్ని పూరీ, రంభ, తప్తపాణి తిప్పాలని. వెనక 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) ట్యూబులర్ బ్యాటరీ ఉంది. ముందు బ్యాటరీ నుంచి దానికి ఇంటి వైరింగ్‌లో మిగిలిన 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు లాగాం. ప్లస్‌కి 6 మీటర్లు, మైనస్‌కి 6 మీటర్లు. ఇంజిన్ నడుస్తుంటే ముందు 14.2 వోల్టులు చూపిస్తోంది. అయినా పూరీకి 4 గంటలు నడిపి వెళ్లాక కూడా అర్ధరాత్రి దాటితే ఫ్యాన్ నీరసిస్తోంది. బ్యాటరీ పోయిందని షాపువాడు అంటే కొత్తది వేశాను. మళ్లీ అదే కథ. ఇంకోటి కొనాలా?

జవాబు: కొనకండి బాబూ. మీ వైరు సన్నం.

వంశధార కాలువ కింద పొలం ఉన్నవాళ్లకి ఈ సంగతి చెప్పక్కర్లేదు. తలకట్టు దగ్గర నీళ్లు నిండుగా పారుతున్నా శివారు మడికి తడి అందదు. మీరు 14.2 చూసింది తలకట్టు దగ్గర. శివారులో ఎప్పుడైనా మీటరు పెట్టి చూశారా?

లెక్క చెప్తాను. మీ వైరు పోను 6, రాను 6, మొత్తం 12 మీటర్లు. 2.5 రాగి వైరు ఆ పొడవుకి సుమారు 0.09 ఓమ్. అందులో 15 ఆంపియర్లు వెళ్తే 1.3 వోల్టులు దారిలోనే ఖర్చు. వెనక మిగిలేది 12.9. నిండిన బ్యాటరీ ఊరికే కూర్చున్నా 12.7 చూపిస్తుంది కదా, ఇక అందులోకి ఏం తోస్తారు? కాబట్టి 15 వెళ్లనే వెళ్లదు, 6, 7 ఆంపియర్ల దగ్గర ఆగిపోతుంది. అందులోంచే ఫ్రిజ్ నడిచినప్పుడల్లా దాని వాటా తీసుకుంటుంది. 4 గంటలు నడిపితే 150 ఏహెచ్‌లో పాతిక చేరడమే గొప్ప.

ఇంట్లో ఇదే వైరు గీజర్‌ని కూడా లాగుతుంది కదా అంటారు. అక్కడ 230 వోల్టులు. 1.3 పోతే ఎవరికీ తెలీదు. 12 వోల్టుల్లో 1.3 అంటే పదో వంతు పైనే. పైగా అదే పనికి ఇక్కడ కరెంటు ఇరవై రెట్లు దాకా పారాలి. బండి వైరింగ్‌లో ఇంటి లెక్క పనికిరానిది ఇందుకే.

నా మాట నమ్మక్కర్లేదు, మీరే చూసుకోండి. మల్టీమీటర్‌ని డీసీ 20లో పెట్టండి. ఇంజిన్ కొంచెం రేజ్‌లో, ఫ్రిజ్ ఆన్‌లో ఉండాలి. మీటరు ఒక ముల్లు ముందు బ్యాటరీ ప్లస్ మీద, రెండోది వెనక బ్యాటరీ ప్లస్ మీద. మీటరు వైరు అందకపోతే ఏదైనా వైరు ముక్క జోడించండి, మీటరుకి సన్నదైనా ఫరవాలేదు. వచ్చిన అంకె ఆ దారిలో పోతున్న వోల్టేజీ. మైనస్ నుంచి మైనస్‌కీ అలాగే చూడండి. రెండూ కలిపి 0.3 లోపు ఉండాలి.

మైనస్ చూడకుండా నేనొకసారి బోర్లా పడ్డాను. గోపాల్‌పూర్ నుంచి ఒకాయన వ్యాన్ తెస్తే కొత్త బ్యాటరీ అమ్మి పంపాను. వారానికే తిరిగొచ్చాడు. అప్పుడు కూర్చుని చూస్తే మైనస్ వైరుని బాడీకి బిగించే ఎర్త్ బోల్టు దగ్గరే 0.8 పోతోంది. బోల్టు విప్పితే లగ్ (వైరు చివర బిగించే లోహపు కన్ను) కింద పెయింటు, దాని కింద తుప్పు, లగ్ చుట్టూ పచ్చటి కిలుము. సముద్రపు గాలి మరి. గరుకు కాగితంతో ఇనుము తళతళలాడే దాకా గీకి, బిగించి, పైన వాజలీన్ రాశాను. 10 నిమిషాల పని. ఆ బ్యాటరీ డబ్బులు వెనక్కి ఇచ్చేశాను, ఇంకేం చేస్తాను.

మీరు రెండు వరసలూ 25 స్క్వేర్ ఎంఎం రాగి కేబుల్ వేయించండి. 20 ఆంపియర్లు పారినా 0.2 మించి పోదు. వెల్డింగ్ కేబుల్ వాడొచ్చు, కానీ కొనేముందు చివర కత్తితో గీకి చూడండి. లోపల తెల్లగా కనిపిస్తే అల్యూమినియం కావచ్చు, వదిలేయండి. లగ్‌లు క్రింపింగ్ చేయించాలి, అంటే పనిముట్టుతో నొక్కి బిగించాలి, సుత్తితో కొట్టించకూడదు. ప్లస్ కేబుల్‌కి రెండు చివర్లా, బ్యాటరీకి జానెడు దూరంలో ఫ్యూజు తప్పనిసరి. రెండువైపులా బ్యాటరీలే కాబట్టి మధ్యలో ఎక్కడ బాడీకి రాసుకున్నా రెండు వైపుల నుంచీ మంటే. రాత్రి ముందు బ్యాటరీ దిగిపోకుండా, ఇంజిన్ ఆగితే రెండు బ్యాటరీల్నీ విడదీసే రిలే మధ్యలో పెట్టించండి. దాని బదులు డయోడ్ ఐసొలేటర్ (కరెంటుని ఒకవైపే పోనిచ్చేది) అంటగట్టబోతే వద్దనండి, అది మళ్లీ 0.6, 0.7 మింగేస్తుంది.

ఇంత చేసినా 4 గంటల్లో నూటికి నూరు నిండదు. లెడ్ బ్యాటరీ చివరి ఇరవై శాతం నత్తనడకే. ఇల్లు చేరాక రాత్రంతా ఛార్జర్ పెట్టండి. సగం నిండిన దాన్ని నెలల తరబడి వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, అప్పుడు షాపువాడి మాటే నిజమవుతుంది.

ప్రశ్న: రాయగడ దగ్గర మా ఊళ్లో సాయంత్రం కరెంటు 170 వోల్టులే. బండి బ్యాటరీ ఛార్జర్ పనిచేస్తుందా?

జవాబు: ఛార్జర్ ఎత్తి చూడండి. బరువుగా, గుయ్యిమంటూ ఉంటే ట్రాన్స్‌ఫార్మర్‌ది. 230 బదులు 170 ఇస్తే దాని అవుట్‌పుట్‌లో కూడా సుమారు నాలుగో వంతు పోతుంది, బ్యాటరీలోకి ఏమీ ఎక్కదు. తేలికగా ఉండి, లేబుల్ మీద ఇన్‌పుట్ 100–240 అని ఉంటే బెంగ లేదు. మొదటి రకమైతే రాత్రి 11 దాటాక, ఊరు పడుకున్నాక పెట్టండి.