దివ్యసత్ప్రసాద ఆరాధనలో గంటసేపు కూర్చోలేకపోతున్నాను అన్నవారికి

దివ్యసత్ప్రసాద ఆరాధనకి, అంటే గుడిలో యేసే ఉన్నారని మనం నమ్మే ఆ పవిత్ర అప్పం ముందు ప్రార్థనలో గడపడానికి వెళ్తే గంట గడవడం లేదు, మనసు ఎటో పోతోంది, ఒక్కోసారి కునుకు కూడా పడుతోంది, ఇలా కూర్చోవడం ప్రభువుని అవమానించడం కాదా అని అడిగారు. కాదండీ. ముందు ఆ భయం తీసెయ్యండి. నా మొదటి నెలలు అచ్చం ఇలాగే గడిచాయి.

మా విచారణలో, అంటే మా ఊరి గుడి సంఘంలో, గురువారం రాత్రి ఆరాధన ఉండేది. గంటకొకరు చొప్పున పేర్లు రాసుకునేవాళ్ళం. నాది తొమ్మిది నుంచి పది. మొదటి రోజు జపమాల చెప్పాను, ప్రార్థన పుస్తకంలో నాకిష్టమైన పేజీలన్నీ చదివాను, ఇంటిల్లిపాదినీ పేరుపేరునా అప్పగించాను. తీరా వాచీ చూస్తే ఇంకా సగం గంట కూడా కాలేదు! ఆ మిగిలిన సమయమంతా ఆఫీసు పని, ఎవరో అన్న మాట, రేపటి ఖర్చు. రెండు నెలలు ఇదే వరస.

ఒకసారి పది గంటలకి రావలసినవారు రాలేదు. ఆరాధనకి ఉంచిన దివ్యసత్ప్రసాదాన్ని ఎవరూ లేకుండా వదిలి వెళ్ళకూడదు కదా. ఫాదర్‌గారు పదకొండుకి గానీ రారు. చెప్పుకోవాల్సినవన్నీ అప్పటికే చెప్పేసుకున్నాను. కాసేపు లోలోపల విసుక్కున్నాను కూడా. తర్వాత చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే చూస్తూ ఉండిపోయాను. దివ్యసత్ప్రసాదాన్ని అందరికీ కనబడేలా నిలిపే పాత్ర మాన్‌స్ట్రన్స్; దాని మధ్య గాజు వెనక ఆ తెల్లని అప్పం. కొవ్వొత్తి మంట కదిలినప్పుడల్లా చుట్టూ ఉన్న బంగారు కిరణాల అంచుల మీద వెలుగు వణికేది. "ప్రభూ, నా దగ్గర ఇంక మాటల్లేవు, ఉన్నాను, అంతే" అన్నాను. దర్శనమేమీ కాలేదు, కన్నీళ్ళూ రాలేదు. కానీ ఆ రెండో గంటలో వాచీ గుర్తుకు రాలేదు. అప్పటిదాకా నేను ఆయన ముందు పని చేస్తున్నాను తప్ప ఆయన దగ్గర ఉండలేదని అర్థమైంది.

పునీత జాన్ మరియ వియాన్నే ఫ్రాన్స్‌లోని ఆర్స్ గ్రామంలో ఫాదర్‌గా ఉన్న కాలంలో అక్కడ ఒక రైతు మందసం (దివ్యసత్ప్రసాదాన్ని భద్రపరిచే పెట్టె) ముందు ఇలాగే కూర్చునేవాడట. ఏం చేస్తున్నావంటే, "నేను ఆయన్ని చూస్తాను, ఆయన నన్ను చూస్తాడు" అనేవాడు. కతోలిక విశ్వాస బోధనల పుస్తకమైన శ్రీసభ సత్యోపదేశ గ్రంథం 2715వ పేరాలో ఈ మాట ఉంది. నాకు ఇంతకు మించిన పాఠం ఇంకెక్కడా దొరకలేదు.

మనసు పరిగెత్తినప్పుడు దాన్ని తిట్టకండి. ఎక్కడికి పోయిందో ఆ సంగతే ప్రభువుకి చెప్పండి. నాకు మా అన్నయ్యతో మాటలు లేని రోజుల్లో కళ్ళు మూసుకుంటే ఆ గొడవే వచ్చేది. చివరికి దాన్నే ప్రార్థన చేసుకున్నాను, "ప్రభూ, వాడిమీద కోపంగా ఉంది" అని. మాట పైకి వచ్చాక కోపం కొంచెం దిగేది. సువార్తలో ఒక చిన్న ఘట్టం తీసుకెళ్ళడం కూడా మంచిది. మార్కు పదో అధ్యాయంలో గుడ్డి బర్తిమయిని యేసు ఏం కావాలని అడుగుతారు. ఆ ప్రశ్న మిమ్మల్నే అడిగినట్టు వినండి, పుస్తకం మూసేయండి.

కునుకు గురించి దిగులొద్దు. 1919లో గురుపట్టం పొంది ఫాదర్ అయిన అమెరికా బిషప్ ఫుల్టన్ షీన్ 1979లో కన్నుమూసేదాకా రోజూ ఒక గంట ఆరాధనలో గడిపిన మనిషి. ఆయనే ఒకసారి పారిస్‌లోని ఒక గుడిలో గంటంతా నిద్రపోయారు. యేసు పట్టుబడిన రాత్రి గెత్సెమని తోటలో శిష్యులూ నిద్రపోయారు, అయినా ప్రభువు వాళ్ళని విడిచిపెట్టలేదు.

మోకాళ్ళ మీదే ఉండాలని కూడా లేదు. లోపలికి వచ్చేటప్పుడు ఒక మోకాలు వంచి, నొప్పిగా ఉంటే హాయిగా కూర్చోండి. మొదట్లో గంట పెట్టుకోకుండా పావుగంటతో మొదలుపెట్టండి, కానీ ప్రతి వారం అదే రోజు, అదే వేళ. మీ విచారణలో నెలలో మొదటి శుక్రవారం మాత్రమే ఆరాధన ఉంటే మిగతా రోజుల్లో గుడి తెరిచి ఉన్నప్పుడు మందసం దగ్గర, లోపల దివ్యసత్ప్రసాదం ఉందని తెలిపే దీపం వెలుగుతోందా చూసి, దాని ఎదుట కూర్చోండి. మందసం తలుపు మూసి ఉన్నా లోపల ఉన్నది ఆయనే.