వాళ్లేం పని చేసి బతుకుతారు?

కర్నూలు

చిరంజీవికి,

బాహుబలి, కేరాఫ్ కంచరపాలెం సినిమాల మీద నువ్వు రాసిన వ్యాసం, దానితో పాటు పెట్టిన ఉత్తరం రెండూ చదివాను. వ్యాసం కోపం తెప్పించింది. ఉత్తరం కంటతడి పెట్టించింది. రెండూ రాసింది ఒక్కడేనంటే నమ్మబుద్ధి కాలేదు. అందుకే ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను.

ముందు కోపం సంగతి. "బాహుబలి కళ్లు నింపుతుంది, కేరాఫ్ కంచరపాలెం మనసు నింపుతుంది" అని మొదటి పేజీలోనే రాశావు. అబ్బీ, ఈ మాట రాయడానికి ఆ సినిమాలు చూడాల్సిన పనే లేదు. ఏ పెద్ద సినిమా పేరు పెట్టినా, ఏ చిన్న సినిమా పేరు పెట్టినా ఈ వాక్యం ఇట్లాగే నడిచిపోతుంది. ఆ తర్వాత రెండు పేజీలు బడ్జెట్టు, కలెక్షన్లు, ఎన్ని భాషల్లో విడుదలైంది, ఎన్ని థియేటర్లు దొరికాయి. నిర్మాత లెక్కల పుస్తకం నువ్వెందుకు మోయాలి? పైగా ప్రతి పేరాలోనూ "కంటెంట్", "ఎలివేషన్", "రూటెడ్". ఇప్పుడు సినిమా గురించి రాసే ప్రతివాడి నోట్లోనూ ఇవే. నాకు వీటితో గట్టి విరోధం. తెర మీద ఏం చూశారో చెప్పకుండా తప్పించుకోవడానికి ఇవి బాగా పనికొస్తున్నాయి.

ఇక ఉత్తరం. మీ నాన్న బేతంచెర్లలో నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేస్తాడని, బాహుబలి మొదటి భాగం ఆయనతో కలిసి చూశావని రాశావు. భల్లాలదేవుడి విగ్రహం లేపే సీన్లో హాలంతా ఈలలు వేస్తుంటే ఆయన నీ చెవి దగ్గర "తాడు తెగితే ముందు పోయేది లాగేటోళ్లే కదరా" అన్నాడట. నువ్వు పంపిన కాగితాలన్నిటిలో బరువున్న మాట అదొక్కటే. దాన్ని తీసుకుపోయి "వ్యాసానికి సంబంధం లేదు గానీ" అంటూ ఉత్తరం చివర పడేశావు. ఎందుకు సంబంధం లేదు?

ఆ సీను మళ్లీ గుర్తు చేసుకో. కొరడా దెబ్బలు తింటూ జనం తాళ్లు లాగుతుంటారు. ఒకడు కూలబడతాడు, తాళ్లు పట్టు తప్పుతాయి, విగ్రహం ఒరుగుతుంది. హీరో శివుడు తాడు అందుకుని ఆపుతాడు. ఆ ముఖం చూసి ఒకడి నోట బాహుబలి పేరు వస్తుంది, కాసేపట్లో మైదానమంతా అదే కేక. రాజమౌళి ఎంత గట్టి దర్శకుడో ఆ సీను చూస్తే చాలు. లాగేవాళ్ల చెమట మనకు కనబడింది కాబట్టే శివుడి బలం ఎంతో తెలిసింది. అయితే వాళ్లు ఎక్కడి నుంచి వచ్చారు, విగ్రహం నిలబడ్డాక ఏమయ్యారు అన్నది సినిమాకు అక్కర్లేకపోయింది. మీ నాన్నకు అక్కరపడింది. రోజూ రాయి ఎత్తే మనిషి కాబట్టి ఆయన కన్ను హీరోని వదిలి తాడు పట్టినవాడి మీదికి పోయింది. దాన్నే నేను విమర్శ అంటాను.

ఏ సినిమా గురించి రాసినా నేను ముందు అడిగేది ఒకటే. వీళ్లు ఏం పని చేసి బతుకుతారు? ఇది నాకు మా అమ్మ నుంచి వచ్చింది. మాది ఆదోని పక్క పల్లె. వానలు మొహం చాటేసిన ఏడు గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి సుగ్గికి, అంటే వలస కూలికి, పోయేవాళ్లం. తిరిగొచ్చాక చేతిలో నాలుగు డబ్బులు ఉంటే టూరింగ్ టాకీసులో నేల టికెట్టు. సినిమా చూసి చీకట్లో నడిచి వచ్చేటప్పుడు అమ్మ అడిగేది: "ఆ పిల్లోడిది అంత పెద్ద ఇల్లే, వాళ్లకు చేనెంత ఉందంట? ఎవరు దున్నుతారంట?" మా అన్న చిరాకు పడేవాడు. చాలా సినిమాలకు ఇప్పటికీ ఆ ప్రశ్నకు జవాబు లేదు.

కంచరపాలెం దగ్గర జవాబుంది. రాజు గవర్నమెంటు ఆఫీసులో అటెండరు. అదే ఆఫీసుకు బదిలీ మీద వచ్చిన ఒడియా ఆఫీసరు రాధ. వాళ్లిద్దరూ ఎంత దగ్గరైనా ఆ ఉద్యోగాల తేడా మధ్యలో కూర్చునే ఉంటుంది. గడ్డం అనేవాడు వైన్ షాపులో పనిచేస్తాడు. సీసా కొనడానికి ముసుగుతో వచ్చే సలీమా కళ్లు తప్ప ఇంకేమీ చూడకుండానే ఆమెను ప్రేమిస్తాడు. కౌంటరుకు ఇవతల అతను, అవతల ఆమె. ఆ కౌంటరు తీసేస్తే ఆ ప్రేమ ఉండదు. సుందరం తండ్రి బొమ్మలు చేస్తాడు, పిల్లవాడి కథ ఆ వినాయకుడి బొమ్మ చుట్టూ తిరిగి ఎక్కడికో పోతుంది. ఇంకా పైన దర్శకుడు వెంకటేష్ మహా విశాఖలోని ఆ పేటలో ఉండేవాళ్లనే చాలామందిని తెచ్చి నటింపజేశాడు. నువ్వేమో "నటన సహజంగా ఉంది" అని రాసి ముందుకు పోయావు. ఆ సహజం ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పడానికే కదా వ్యాసం!

అట్లాగని పెద్ద సినిమాలో పని కనబడదని నేననను. కట్టప్ప సంగతి చూడు. నీకు స్వేచ్ఛ ఇప్పిస్తానని కత్తుల వ్యాపారి అస్లాం ఖాన్ అంటే, మా పెద్దలు సింహాసనానికి మాటిచ్చారు, నేను దాటలేనంటాడు. తర్వాత రెండేళ్లు దేశమంతా "కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు" అని ఊగిపోయింది. జవాబు మొదటి భాగంలోనే ఉంది. అతను బానిస. రాజమాత శివగామి ఆజ్ఞ ఇస్తే ఎత్తుకుని పెంచిన చేత్తోనే పొడవాలి. అంత పెద్ద కోటలు, జలపాతాలు, యుద్ధాల మధ్య కథ మొత్తం ఒక నౌకరు మెడకు చుట్టుకుని ఉంది. కట్టప్ప గురించి నీ వ్యాసంలో ఒక్క వాక్యమైనా లేదు.

1951లో మన కడప జిల్లావాడు బి.ఎన్.రెడ్డి మల్లీశ్వరి తీశాడు. అప్పటికి అది పెద్ద సినిమానే. అందులో నాగరాజు శిల్పి. అతని ఉలి వల్లే కథ నడుస్తుంది, ఆ ఉలి పట్టుకునే విజయనగరం చేరతాడు, మల్లి మళ్లీ కనబడుతుంది. కాబట్టి పెద్దా చిన్నా అని గీత గీసి రెండు సినిమాలను శత్రువుల్లా నిలబెట్టకు. కంచరపాలెం సినిమాను సమర్పించింది రానా దగ్గుబాటి. నీ బాహుబలిలో భల్లాలదేవుడు ఆయనే.

నాకు అసలు కోపం మన సీమ మీద తీసిన సినిమాల మీద. ఫ్యాక్షన్ సినిమాల జోరు నడిచిన రోజుల్లో నేను ఒక పత్రికకు రివ్యూలు రాసేవాణ్ని. ఇల్లు గడవడం కష్టంగా ఉన్న కాలం, ఆ డబ్బులు నాకు చాలా అవసరం. ఒక సినిమా గురించి ఇట్లా రాశాను: ఈ ఊళ్లో ఎవరూ వేరుశనక్కాయలు వేయరు, ఎవరూ బోరు వేయించి నీళ్లు పడక అప్పుల పాలవరు, అయినా అందరి ఇంటి ముందూ సుమోలున్నాయి. ఎడిటర్ ఆ పేరా మొత్తం కొట్టేసి హీరో ఎంట్రీ గురించి తను నాలుగు వాక్యాలు రాసి నా పేరుతో వేశాడు. అడిగితే "జనం సినిమాకొచ్చేది పనీపాటా మర్చిపోవడానికండీ" అన్నాడు. మా అమ్మ ఎప్పుడు మర్చిపోయింది? మీ నాన్న మర్చిపోయాడా? ఆ పత్రికకు మళ్లీ రాయలేదు. ఆ తర్వాత చాలాకాలం నా వ్యాసాలు జిరాక్సు తీసి స్నేహితులకు పంచుకున్నాను. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు, చల్లారాలని నాకు లేదు కూడా. సీమంటే వేటకొడవలి అని దేశానికి నేర్పినవాళ్లు కొండారెడ్డి బురుజు ముందు కెమెరా పెట్టారు గానీ, దాని పక్క బజార్లో బతికేవాళ్ల వైపు తిప్పలేదు.

ఇంకొకటి నీకు తెలిసే ఉండాలి. బాహుబలి షూటింగ్ 2013 జూలై 6న మొదలైంది మన ఓర్వకల్లు రాళ్లలోనే. బేతంచెర్ల అక్కడికి ఎంతో దూరం లేదు. నీ పక్కనున్న రాళ్లు మాహిష్మతి సినిమాలోకి పోయాయి. ఆ రాళ్లనే నమ్ముకున్న మనిషి నీ పక్క సీట్లో కూర్చుని ఆ సినిమా చూశాడు. ఇంతకన్నా మంచి వ్యాసం ఎక్కడుంది? నువ్వేమో ఓవర్సీస్ కలెక్షన్లు రాశావు.

హైదరాబాద్ పోవాలా, యూట్యూబ్ చానెల్ పెట్టాలా, ఏ పత్రికకు పంపితే వేస్తారు అని అడిగావు. వాటి గురించి ఇప్పుడు మాట్లాడను. ముందు ఈ వ్యాసం తిరగరాయి. తాడు దగ్గర మొదలుపెట్టు. మీ నాన్నను కూర్చోబెట్టి అడుగు. పెద్ద బండ ఎత్తేటప్పుడు తాడు ఎక్కడ కడతారు, ఎవరు ఎక్కడ నిలబడతారు, కేక ఎవరు వేస్తారు, దెబ్బ తగిలితే ఎవరు చూస్తారు. ఆయన మాటను ఆయన చెప్పినట్టే రాయి, దిద్దవద్దు. తర్వాత కంచరపాలెం ఆయనకు చూపించు. చూపించావో లేదో ఉత్తరంలో లేదు. అటెండరు రాజును చూసి ఏమన్నాడో రాయి. ఏమీ అనకుండా లేచిపోతే అదీ రాయి. కలెక్షన్ల పేజీలు రెండూ తీసెయ్యి. కళ్లు, మనసు వాక్యం కూడా.

నీ వాక్యానికి మంచి నడక ఉంది. చేతిరాత మాత్రం కాస్త పెద్దదిగా రాయి.

బాహుబలి రెండో భాగం 2016 అని వేశావు. అది 2017 ఏప్రిల్ 28. కంచరపాలెం విడుదల 2018 సెప్టెంబర్ 7, నెల తప్పు రాశావు. పంపేముందు తేదీలు సరిచూసుకో.

ఆశీస్సులతో,
మీ పెద్దాయన