పరుగుల బృందాన్ని పెద్ద పోటీలకు సిద్ధం చేస్తున్న శిష్యురాలికి

విజయవాడ

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరం, దానితో జతచేసిన శిక్షణ ప్రణాళిక అందాయి. ఏడుగురు దూరపు పరుగు క్రీడాకారుల బాధ్యత నీకు అప్పగించారని, వాళ్ళలో నలుగురైనా 2026 సెప్టెంబరులో ఐచి-నగోయాలో మొదలయ్యే ఆసియా క్రీడల జట్టులో చోటు సంపాదించగలరని నువ్వు నమ్ముతున్నావని చదివి చాలా సంతోషించాను. ప్రణాళికను రెండుసార్లు శ్రద్ధగా చూశాను. ఏ నెలలో ఎంత దూరం, ఏ వారంలో ఎంత వేగం అన్నది చక్కగా వేసుకున్నావు. కానీ ఏడుగురికీ కలిపి ఒకే పట్టిక రాశావు. నా అభ్యంతరం అక్కడే ఉంది కనుక ఈ ఉత్తరమంతా దాని గురించే రాస్తున్నాను.

కలిసి పరిగెత్తడంలో ఉన్న బలం నాకు తెలియనిది కాదు. న్యూజిలాండ్‌లో ఆర్థర్ లిడియార్డ్ అనే కోచ్ ఆక్లండ్‌లో తన ఇంటి చుట్టుపక్కల కుర్రాళ్ళతోనే శిక్షణ మొదలుపెట్టాడు. 1960 సెప్టెంబరు 2న రోమ్ ఒలింపిక్స్‌లో ఆయన శిష్యులు ఇద్దరు, 800 మీటర్లలో పీటర్ స్నెల్, 5000 మీటర్లలో మర్రే హాల్‌బర్గ్, ఒకే సాయంత్రం స్వర్ణాలు గెలిచారు. కెన్యాలోని కప్తగాట్‌లో కోచ్ పాట్రిక్ సాంగ్ దగ్గర మారథాన్ వీరుడు ఎలియుడ్ కిప్‌చోగే కూడా అందరితో కలిసే పరిగెత్తాడు, అందరితో కలిసే శిబిరం పనులు చేశాడు. ఒంటరిగా తెల్లవారుజామున లేవడానికి బద్ధకించేవాడు కూడా, పక్కవాడు బూట్ల తాళ్ళు కట్టుకుంటున్న చప్పుడు వింటే లేచి కూర్చుంటాడు. అయితే ఆ పక్కవాడే మంగళవారం టెంపో పరుగులో, అంటే పోటీ వేగానికి కాస్త తక్కువగా నిలకడగా సాగే పరుగులో, అరడుగు ముందుకు వేస్తే, శిక్షణ కాస్తా పోటీ అయిపోతుంది. పోటీ నాటికి మిగలవలసిన శక్తి మీరు శిక్షణ చేసే కృష్ణ కరకట్ట మీదే ఖర్చయిపోతుంది.

ఈ మాట అనుభవంతో రాస్తున్నాను. చాలా ఏళ్ళ క్రితం నా దగ్గర అయిదుగురు కుర్రాళ్ళు ఉండేవారు. వాళ్ళలో 5000 మీటర్లు పరిగెత్తే ఒకడు ప్రతి టెంపోలోనూ అందరికంటే బలవంతుడైన పదివేల మీటర్ల రన్నర్‌ను అంటిపెట్టుకుని పరిగెత్తేవాడు. వాడి పట్టుదల చూసి నేను మురిసిపోయాను. జాతీయ పోటీల ఫైనల్లో ఎనిమిదో ల్యాప్‌కు వాడి భుజాలు చెవుల దాకా లేచాయి, బొటనవేళ్ళు పిడికిళ్ళలోకి ముడుచుకుపోయాయి. చివరి నాలుగు ల్యాపులూ వాడు పరిగెత్తలేదు, ఈడ్చుకుంటూ వచ్చాడు. ఆ రాత్రి గదిలో కూర్చుని నా నోటుబుక్కు తెరిచాను. నిద్ర లేవగానే లెక్కపెట్టిన వాడి నాడి పది రోజులుగా 46 నుంచి మెల్లమెల్లగా 54కు పెరిగినట్టు నా చేతిరాతలోనే ఉంది. రోజూ రాసుకున్నాను, ఒక్కరోజూ చదవలేదు. అందుకే నువ్వు ప్రతి ఉదయం ఏడుగురి నాడి, నిద్ర, కాళ్ళ నొప్పులు రాసుకోవడంతో ఆగిపోకుండా, వార్మప్ మొదలయ్యేలోపు ఆ పేజీని వెనక్కి తిప్పి గత పది రోజులవీ చదవాలని గట్టిగా చెబుతున్నాను.

ఇక బృందాన్ని విడదీయకుండానే ఒక్కొక్కరినీ వారి హద్దులో ఎలా ఉంచాలో చెబుతాను. ఆదివారం లాంగ్ రన్‌కు అందరినీ ఉండవల్లి వైపు నుంచి కరకట్ట మీద ఒకేసారి బయలుదేరదియ్యి, కానీ వెనక్కి తిరిగే చోటు మాత్రం ఒక్కొక్కరికి ఒక్కోటి పెట్టు. నెమ్మదిగా పరిగెత్తవలసిన అమ్మాయి తొమ్మిదో కిలోమీటరు దగ్గర, మధ్యస్థులు పదకొండు దగ్గర, మారథాన్ కుర్రాడు పదమూడు దగ్గర తిరిగితే, ఎవరి వేగంతో వారు పరిగెత్తి ఇంచుమించు ఒకే సమయానికి తిరిగి వస్తారు. టెంపో రోజున ప్రతివారూ మధ్యలో ఒక చిన్న వాక్యం తడబడకుండా పలకగలగాలి. పలకలేనివారిని అక్కడే వెనక్కి తగ్గించు, రోషపడినా సరే. రక్తపు చుక్కతో శ్రమ ఎంతో చూపే లాక్టేట్ మీటరు దొరికితే మంచిదే, కానీ దాని అంకెను నీకూ ఆ రన్నర్‌కూ మధ్యే ఉంచు. అందరి ముందు చదివితే అది కూడా పందెమే అవుతుంది. నాగార్జున విశ్వవిద్యాలయం ట్రాక్ మీద వెయ్యి మీటర్లు పది సార్లు చేయించే రోజున 1500 మీటర్ల రన్నర్‌ను ఆరు పరుగులతో ఆపి, తరవాత 200 మీటర్ల వేగపు పరుగులకు పంపు. ముందుండి పరిగెత్తేవారిని ప్రతి ల్యాప్‌కూ మార్చు. అందరికంటే బలవంతుడు కనీసం సగం ల్యాపులు వెనక ఉండి పరిగెత్తడం నేర్చుకోవాలి, ఎందుకంటే ఫైనల్లో అతను ఎక్కువసేపు ఉండవలసింది ఎవరో ఒకరి వెనకే.

వేడి విషయంలో మన ఊళ్ళవాళ్ళకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. ఏప్రిల్, మే నెలల్లో కఠినమైన శిక్షణ తెల్లవారుజామున నాలుగున్నరకే మొదలుకావాలి. కానీ వేడిని శత్రువుగా మాత్రమే చూడకు. పది నుంచి పధ్నాలుగు రోజుల పాటు తేలికపాటి పరుగును కావాలనే ఎండపొద్దులోకి జరిపితే రక్తంలో ప్లాస్మా పెరుగుతుంది, చెమట తొందరగా పట్టడం మొదలై ఒళ్ళు చల్లబడుతుంది. 2019లో దోహా ప్రపంచ పోటీల్లో మహిళల మారథాన్‌ను వేడి తప్పించుకోవడానికి అర్ధరాత్రి మొదలుపెట్టినా, 68 మందిలో 40 మందే చివరిదాకా పరిగెత్తగలిగారు. వేడికి ఒళ్ళు అలవాటుపడటం కూడా అందరికీ ఒకే వేగంతో జరగదు. పరుగుకు ముందూ తరవాతా తూకం వేసి చూడు. అరవై కిలోల మనిషి కిలోపావు కంటే ఎక్కువ తగ్గితే, దారిలో తాగింది చాలలేదని అర్థం. ఇంటికి చేరాక ఉప్పు వేసిన పల్చటి మజ్జిగను మించినది నాకు తెలియదు.

ఎత్తైన ప్రదేశంలో శిబిరానికి అరకు సరిపోతుందా అని అడిగావు. సరిపోదమ్మా. అరకు సుమారు 900 మీటర్లు, అక్కడ దొరికేది చల్లదనమే. రక్తంలో మార్పు రావాలంటే రెండు వేల మీటర్లకు పైన, ఊటీ లాంటి చోట, కనీసం మూడు నాలుగు వారాలు ఉండాలి. వెళ్ళే ముందు, నెలన్నర ముందుగానే, ఏడుగురికీ హిమోగ్లోబిన్‌తో పాటు ఒంట్లో ఇనుము నిల్వలను చూపే ఫెర్రిటిన్ పరీక్ష చేయించు. ఇనుము నిల్వలు తక్కువగా ఉన్నవారిని కొండెక్కిస్తే కొత్త రక్తకణాలు పుట్టడానికి సరుకే ఉండదు, మనిషి అలసిపోయి దిగివస్తాడు. శాకాహారుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. శిక్షణ ముగియగానే అందరూ కలిసి టీ కొట్టు దగ్గర నిలబడటం మన పిల్లలకు అలవాటు. భోజనంలో ఉన్న ఇనుమును ఆ టీ ఒంటికి పట్టనివ్వదు కనుక తిండికీ టీకీ మధ్య గంటైనా ఎడం పెట్టించు, పక్కన నిమ్మకాయో ఉసిరికాయో ఉండేలా చూడు.

అమ్మాయిల ఆరోగ్యం విషయంలో నువ్వు నాకంటే మేలైన కోచ్‌వి అవుతావని నా నమ్మకం. నెలసరి ఆగిపోయిందన్న సంగతిని ఒక అమ్మాయి నా దగ్గర ఏడాది దాకా దాచింది. పాదం ఎముకలో చీలిక వచ్చి డాక్టరు అడిగితేగాని బయటపడలేదు. బరువు తగ్గితే వేగం పెరుగుతుందని బృందంలో ఎవరో అన్న మాట పట్టుకుని, ఆమె రాత్రి భోజనం మానేసింది. మూడు నెలలు నెలసరి రాలేదంటే దాన్ని గాయంతో సమానంగా చూసి, దూరం తగ్గించి, తిండి పెంచి, వైద్యురాలి దగ్గరకు తీసుకువెళ్ళు. బరువు గురించి బృందంలో ఎవరూ, నువ్వు కూడా, నలుగురిలో మాట్లాడవద్దు.

పోటీ రోజు గురించి నీ ప్రణాళికలో గడియారం ఎక్కువగా కనిపించింది. పతకాల పరుగులో గడియారం ఎప్పుడూ ఒకే మాట చెప్పదు. ఒలింపిక్ 1500 మీటర్ల స్వర్ణం 2016లో రియోలో 3:50.00కు దక్కింది, 2024లో పారిస్‌లో 3:27.65 అవసరమైంది. 2023 బుడాపెస్ట్ ప్రపంచ పోటీల నుంచి 1500 మీటర్లు, అంతకు పైబడిన పరుగుల హీట్స్‌లో, అంటే ఫైనల్‌కు ముందు జరిగే రౌండ్లలో, సమయాన్ని బట్టి ముందుకు వెళ్ళే దారి కూడా మూసుకుపోయింది. 1500లో మొదటి ఆరుగురు, 5000లో మొదటి ఎనిమిది మంది, అడ్డంకులూ నీటిగుంటా దాటే స్టీపుల్‌చేజ్‌లో మొదటి అయిదుగురు, అంతే. కాబట్టి ప్రతివారూ నెమ్మది పరుగునూ వేగపు పరుగునూ రెంటినీ శిక్షణలో అనుభవించి ఉండాలి. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో పారుల్ చౌదరి, ముందురోజు స్టీపుల్‌చేజ్‌లో రజతం గెలిచిన అలసటతోనే, 5000 మీటర్ల చివరి కొద్ది అడుగుల్లో జపాన్ రన్నర్‌ను దాటి స్వర్ణం అందుకుంది. అలాంటి ముగింపు ఉన్న అమ్మాయికి ఓపిక పట్టడం నేర్పాలి. ముగింపు వేగం లేని కుర్రాడు ఆమెలా కాచుకుని కూర్చుంటే ఓడిపోతాడు, అతనికి చివరి మూడు ల్యాపులనూ క్రమంగా బిగించుకుంటూ పోవడం నేర్పాలి. ఒకే ట్రాక్ మీద ఒకే సాయంత్రం ఇద్దరికీ ఎదురెదురు పాఠాలు చెప్పవలసి వస్తుంది.

నిషేధిత మందుల సంగతి క్లుప్తంగా రాస్తాను. ఒంట్లోకి వెళ్ళిన ప్రతిదానికీ రన్నరే బాధ్యుడు, తెలియక తిన్నానంటే చెల్లదు. బృందంలో ఒకరు తెచ్చిన పౌడరు డబ్బా అందరి గదులకూ తిరుగుతుంది కనుక దాన్ని మొదటి రోజే నిషేధించు. నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) పరీక్షల జాబితాలో ఉన్నవారు రోజూ ఏ గంటకు ఎక్కడ ఉంటారో తెలిపే వివరాలు సరిగా నింపారో లేదో నువ్వే చూడు. పన్నెండు నెలల్లో మూడుసార్లు తప్పితే శిక్ష పడుతుంది.

చివరగా, జట్టు ప్రకటించే రోజు. ఏడుగురిలో నలుగురు వెళితే ముగ్గురు మిగులుతారు. పేర్లు రాలేదన్న సంగతి వాళ్ళు వాట్సాప్‌లో చదువుకునే పరిస్థితి రానివ్వకు. ముందురోజే ఒక్కొక్కరి ఇంటికి వెళ్ళి అమ్మానాన్నల ఎదుట కూర్చుని మాట్లాడు. వాళ్ళను వెళ్ళే నలుగురికి పేసర్లుగా, అంటే ముందుండి వేగం చూపేవారిగా, వాడుకుందామన్న ఆలోచన మీ అందరికీ వస్తుంది, కానీ వాళ్ళ సొంత పోటీ ఏదో, ఎప్పుడో తేల్చి చెప్పిన తరవాతే ఆ సాయం అడుగు. ఆ ముగ్గురి తరవాతి ఆరు నెలల ప్రణాళిక ఆ రోజుకే నీ చేతిలో ఉండాలి.

ఇప్పుడు పంపిన పట్టిక పక్కన పెట్టి, ఏడు పట్టికలు విడివిడిగా రాసుకుని రా. వచ్చే ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకు ప్రకాశం బ్యారేజీకి సీతానగరం వైపు చివర ఉంటాను. పిల్లలు కరకట్ట మీద ఉన్నంతసేపూ కూర్చుని చూద్దాం. ఉదయపు నాడి రాసే నోటుబుక్కు కూడా తెచ్చుకో.

ఇట్లు,
నీ గురువు