పంటి నొప్పి పోయింది సరే, ఆ వాపు సంగతేంటి?

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. షుగర్, బీపీ మందులు వాడుతున్నాను. కింది దవడ పన్ను పుచ్చి నెల రోజులుగా ఒకటే పోటు. లవంగ నూనె పెట్టాను. మెడికల్ షాపులో ఇచ్చిన మాత్రలు రెండ్రోజులు వేసుకున్నాను. ఇప్పుడు నొప్పి లేదు, దవడ కింద కాస్త వాపు ఉందంతే. పన్ను తీయిస్తే చూపు తగ్గుతుందంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: చూపుకేమీ కాదండీ. పంటి నరం వేరు, చూపు నరం వేరు. నాకు కంగారల్లా మీరు 'అంతే' అని తేల్చేసిన ఆ వాపు గురించే.

చల్లనివి తాగితే జివ్వుమని వెంటనే తగ్గిపోయే దశలో సిమెంటు నింపితే సరిపోయేది. రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వని పోటు వచ్చిందంటే పుచ్చు లోపలి గుజ్జు దాకా చేరినట్టే. ఆ తర్వాత ఒకరోజు నొప్పి దానంతటదే ఆగుతుంది. మాత్ర పనిచేసిందనుకుంటారు. చాలాసార్లు అక్కడ నరం చచ్చిపోయి ఉంటుంది, చీము వేరు కొస నుంచి ఎముకలోకి దిగుతుంటుంది. మీదీ అదే కావచ్చు. చూడకుండా, ఎక్స్‌రే తీయకుండా ఖాయంగా చెప్పలేను.

ఇక మాత్రలు. పేర్లు రాయలేదు. చీటీ లేకుండా కట్టిచ్చే పొట్లంలో మామూలుగా ఒక యాంటీబయాటిక్, ఒక నొప్పి మాత్ర, ఒక గ్యాస్ మాత్ర ఉంటాయి. చచ్చిన గుజ్జుకు రక్తమే అందదు, మందెలా అందుతుంది? చీముకు దారి చేయాల్సింది డెంటిస్టే. పైగా రెండ్రోజుల యాంటీబయాటిక్ ఏ లెక్కన? డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు బీపీని పెంచుతాయి, కొన్ని బీపీ మందులతో కలిస్తే కిడ్నీలను దెబ్బతీస్తాయి. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్. మీది ఎంతో షాపు కుర్రాడికి తెలుసా? పోనీ, మీకు తెలుసా? మళ్లీ నొప్పొస్తే, లివర్ జబ్బు లేకుంటే, డెంటిస్టును కలిసేదాకా పారాసెటమాల్ చాలు. లవంగ నూనె చిగురుకు తగిలితే కాలుతుంది, ఇక మానేయండి. వాపు మీద వేడి కాపడం వద్దు.

రేపే డెంటిస్టు దగ్గరికి వెళ్లండి. ఈలోగా షుగర్ చూయించుకోండి, చీము ఉన్నప్పుడు అది అదుపు తప్పుతుంది. పన్ను తీయాలా, రూట్ కెనాల్ చేయాలా అన్నది ఎక్స్‌రే చూసి వాళ్లు చెబుతారు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, మీ అంతట మీరు ఆపేయకండి.

వాపు మెడకు దిగినా, నోరు తెరుచుకోకపోయినా, మింగలేకపోయినా, గొంతు మారినా, ఆయాసం వచ్చినా రేపటిదాకా ఆగొద్దు. అప్పుడు డెంటల్ క్లినిక్‌కు కూడా కాదు, అర్ధరాత్రయినా పెద్దాసుపత్రి క్యాజువాలిటీకే వెళ్లండి.