ప్లాస్టిక్‌ను అద్దం అనవచ్చా?

సందేహం: కావలిలో మాకు కార్ల సీట్లు, జీపు టాపులు కుట్టే దుకాణం ఉంది. ఈమధ్య మా దగ్గరికి రెండు సీట్ల పాత కారు ఒకటి వచ్చింది. గుడ్డ టాపును మడిచి వెనక్కి దించుకునే రకం. టాపు బాగానే ఉంది కాని, వెనక కనిపించడానికి దానికి కుట్టిన ప్లాస్టిక్ పచ్చబడి, మడత పడే చోట చిరిగింది. అది విప్పి కొత్తది కుట్టాను. రసీదులో 'కారు వెనకటి ప్లాస్టిక్ అద్దం కుట్టి మార్చినందుకు కూలి' అని రాశాను. కారు ఆసామి బాగా చదువుకున్నవారు. డబ్బు ఇచ్చేశారు కాని, రసీదు తిప్పి ఇచ్చి మూడు తప్పులు చూపించారు. అద్దమంటే గాజు కాబట్టి ప్లాస్టిక్ అద్దం అనేది ఉండదట, 'పారదర్శక ఫలకం' అని రాయాలట. అద్దాన్ని బిగిస్తారే తప్ప కుట్టరట. 'మార్చినందుకు' కాదు, 'మార్పించినందుకు' అనాలట. నా తెలుగు అంత చెడ్డదా? మరో మాట: ఇలాంటి టాపును 'మడత టాపు' అంటే తప్పా?
– ఒక పాఠకుడు, కావలి

సమాధానం: ఆయన దిద్దిన మూడు చోట్లా మీరు రాసిందే సరి. ఆయన కన్ను పడని చోట మాత్రం ఒక చిక్కు ఉంది. దాని సంగతి తర్వాత.

అద్దమంటే గాజు అనే నమ్మకం చాలామందికి ఉంది. ఇంట్లో కనిపించే అద్దాలన్నీ గాజువే కావడం వల్ల అలా అనిపిస్తుంది. మాట పుట్టుకలో మాత్రం గాజు లేదు. సంస్కృతంలో ముఖం చూసుకునే వస్తువును 'ఆదర్శం' అన్నారు. చూడటం అనే అర్థమున్న 'దృశ్' ధాతువు అందులో ఉంది. ప్రాకృతంలో అది 'అద్దాఅ' అయింది, తెలుగులో అద్దమైంది. అదే ఆదర్శం మరో దారిన తత్సమంగా కూడా వచ్చి 'ఆదర్శ రైతు', 'ఆదర్శ గ్రామం' దగ్గర కుదురుకుంది. ఇద్దరూ ఒకే ఇంటి బిడ్డలైనా ఇప్పుడు ఎదురుపడితే పలకరించుకోరు. ఆ మాట పుట్టిన కాలంలో అద్దమంటే మెరుగుపెట్టిన లోహపు బిళ్ల. కేరళలోని ఆరన్ముళలో ఇప్పటికీ లోహంతోనే అద్దాలు పోతపోస్తున్నారు. వాటిలో ముఖం చక్కగా కనిపిస్తుంది, గాజు రవ్వంత కూడా ఉండదు. సూళ్లూరుపేట దాటితే వినిపించే తమిళంలోనూ ఇదే తీరు. ముఖం చూసుకునే అద్దం, కిటికీ అద్దం, కళ్లజోడు అన్నిటికీ వాళ్లు 'కణ్ణాడి' అంటారు. ఆ మాట మొదట్లో కూర్చున్నది కన్ను.

పోనీ, గాజు అనే మాటయినా తన పదార్థాన్ని అంటిపెట్టుకుని ఉందా? సంస్కృతంలోని కాచం మనకు గాజు అయింది. అది అచ్చంగా పదార్థం పేరే. ఆ పదార్థంతో చేసి చేతికి తొడిగారు కాబట్టి చేతివి గాజులయ్యాయి. తర్వాత బంగారంతో చేయించుకున్నారు, అవీ గాజులే. ప్లాస్టిక్‌తో చేశారు, అవీ గాజులే. చివరికి అసలు గాజుతో చేసినవాటిని విడిగా చెప్పవలసి వచ్చి, మన ఆడవాళ్లు వాటికి 'మట్టి గాజులు' అని పేరు పెట్టుకున్నారు. గాజుతో చేసిన గాజును మట్టి గాజు అనే భాష మనది! మీ ఆసామి గారి ఇంట్లో బంగారు గాజులు ఉండే ఉంటాయి. వాటిని ఆయన ఏమని పిలుస్తున్నారో ఒకసారి అడగండి.

గ్లాసు సంగతీ అంతే. ఆ మాటకు వచ్చిన చోట అర్థం గాజే. మనం స్టీలు గ్లాసులో మజ్జిగ తాగుతాం, ఇత్తడి గ్లాసు చింతపండు పెట్టి తోముతాం. మార్కాపురం రాతి పలకల మీద ఓనమాలు దిద్దిన తరం మాది. తర్వాత రేకు పలకలు వచ్చాయి, అట్ట పలకలు వచ్చాయి, ప్లాస్టిక్ పలకలు వచ్చాయి. అక్షరాలు దిద్దేది పలక, అది దేనితో చేసిందైనా సరే. ఈ జవాబు రాస్తున్న నా ముక్కు మీద ఉన్నవి కూడా కళ్లద్దాలే. వాటిలో గాజు లేదు, రెండూ ప్లాస్టిక్ కటకాలు. మీ ఆసామి మీ రసీదును ఎలాంటి కళ్లద్దాలతో చదివారో నాకు తెలియదు కాని, ఈ రోజుల్లో అవి ప్లాస్టిక్‌వి కావడానికే ఎక్కువ అవకాశం ఉంది.

కార్లలో కూడా ఇదే చూడండి. మాజ్దా కంపెనీ 1989లో తెచ్చిన మియాటా అనే రెండు సీట్ల కారుకు గుడ్డ టాపు, దానికి వెనక ప్లాస్టిక్ అద్దం. అద్దం చుట్టూ జిప్పు ఉంటుంది. ముందు జిప్పు తీసి అద్దాన్ని చదునుగా పరిచి, ఆ తర్వాతే టాపు దించాలి. 1998లో వచ్చిన రెండో తరం మియాటాకు అదే చోట గాజు పెట్టారు. ఆసామి గారి లెక్కన మొదటి కారుకు ఉన్నది ఫలకం, రెండో కారుకు ఉన్నది అద్దం అనాలి. ఒకే పేరున్న కారు, ఒకే చోటు, ఒకే పని, పేర్లు మాత్రం రెండు! అంతకంటే ఇబ్బంది ఏమిటంటే, పదార్థాన్నే పట్టుకుని కూర్చుంటే ఫలకం ముందే ఓడిపోతుంది. ఫలకమంటే గట్టి పలక, చెక్క. పలక అనే మాట దానిలోంచి వచ్చిందే. టాపుతో పాటు మడత పడే వస్తువును ఫలకం అనడం ఏ విధంగా సరి? పైగా ఫలకం అనగానే మనవాళ్ల కళ్లకు కట్టేది ప్రారంభోత్సవం నాటి శిలాఫలకమే.

మీ ప్రశ్న అందాక నేను ఊరుకోలేక నెల్లూరులో సీట్లు కుట్టే ఒక దుకాణానికి వెళ్లి గంటసేపు కూర్చున్నాను. అప్పుడు అక్కడ ఒక పాత జీపు టాపుకు ఇదే పని నడుస్తోంది. విప్పిన పాత ముక్క పాకం రంగుకు తిరిగి ఉంది. మడత పడిన చోట తెల్లటి గీత, గీత మధ్యలో జానెడు చీలిక. కుట్టే ఆయన కొత్త షీటును బల్ల మీద పరిచి, పాత ముక్కను దాని మీద పెట్టి కొలత గీసుకున్నారు. గుండుసూదులు వాడలేదు. ఎందుకని అడిగితే, 'గుడ్డకు పెట్టిన కన్నం పూడుతుంది, దీనికి పెట్టిన కన్నం పూడదండీ, అక్కడి నుంచే చిరుగుతుంది' అన్నారు. బట్టలకు పెట్టే క్లిప్పులతో పట్టించారు. కుట్టు కూడా దూరం దూరంగా వేశారు. దగ్గరగా వేస్తే తపాలా బిళ్లల కాగితంలా ఆ వరుస వెంట ఊడివస్తుందట.

నేను చూసింది పనినే అయినా, చెవి మాత్రం మాటల మీద ఉంది. చుట్టలో ఉన్నంతసేపు ఆయన దాన్ని 'షీటు' అన్నారు. కత్తిరించాక 'ముక్క' అన్నారు. టాపుకు కుట్టిన క్షణం నుంచి 'అద్దం' అన్నారు. తానులో ఉన్నంతసేపు గుడ్డ, కుట్టాక చొక్కా అయినట్టు. ఏ నిఘంటువూ చూడకుండా ఆ మనిషి పాటించిన పద్ధతి ఇది: పేరు పనిని బట్టి వస్తుంది.

మరి పదార్థం ఎక్కడికి పోయింది? క్రియలోకి పోయింది. ఈ విషయం మన వ్యాకరణాలు అంతగా పట్టించుకోలేదు కాని, వాడుక చాలా జాగ్రత్తగా పట్టించుకుంటుంది. గాజు గ్లాసు పగులుతుంది, స్టీలు గ్లాసు సొట్టపడుతుంది. మట్టి గాజు చిట్లుతుంది, బంగారు గాజు వంగుతుంది. రాతి పలక పగులుతుంది, రేకు పలక వంకర పోతుంది. మీ కారు అద్దం విషయంలో కూడా మీరు 'పగిలింది' అని రాయలేదు, 'చిరిగింది' అని రాశారు. 'అద్దం చిరిగింది' అనే వాక్యం విడిగా వింటే నవ్వొస్తుంది. మీ బల్ల దగ్గర నిలబడి వింటే అంతకన్నా కచ్చితమైన వాక్యం లేదు. ఒక్క క్రియతోనే అది గాజు కాదని చెప్పేశారు, ఇక 'ప్లాస్టిక్' అనే విశేషణం రాసినా రాయకపోయినా ఒకటే. ఎండకు అది పచ్చబడుతుంది, మసకబారుతుంది, బిరుసెక్కుతుంది. చలికి బిగుసుకున్నప్పుడు మడిస్తే చిట్లుతుంది. రోహిణీ కార్తెలో రోళ్లు పగిలే మన వైపు ఆ చివరి బాధ తక్కువ, మిగతా మూడూ ఎక్కువ. గుడ్డ టాపుకు గాజు అద్దం ఉన్న కార్లలో దాన్ని జిగురుతో అతికిస్తారు. అది చిరగదు, ఊడుతుంది.

'కుట్టడం' మీద అభ్యంతరానికి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఎర్రగొండపాలెం వైపు తండాల్లో సుగాలీ ఆడవాళ్ల రవికలు చూడండి. అద్దాలు కుట్టడం తెలుగునాట తరతరాల నుంచి ఉన్న పని.

'మార్చు', 'మార్పించు' దగ్గర ఆసామి గారు కొంచెం తొందరపడ్డారు. 'మారు' అంటే తనంతట తాను మారడం. 'మార్చు' అంటే దాన్ని ఒకరు చేయడం. 'మార్పించు' అంటే ఇంకొకరి చేత చేయించడం. అద్దం మార్చింది మీరు, మార్పించుకున్నది ఆయన. రసీదు రాసేది మీరు కాబట్టి 'మార్చినందుకు' అన్నదే సరి. ఆయన తన లెక్కల పుస్తకంలో రాసుకుంటే 'మార్పించినందుకు' అని రాసుకోవచ్చు. 'అద్దం మార్పిడి' అని రాయమని ఎవరైనా చెబితే మాత్రం వినకండి. మార్పిడి అనగానే వస్తుమార్పిడి గుర్తొచ్చి, పాతది ఇచ్చి కొత్తది పుచ్చుకున్నట్టు ఉంటుంది.

ఇప్పుడు ఆయన చూడని చిక్కు: 'వెనకటి'. ఈ మాటకు పాత నిఘంటువుల్లో చోటు అర్థం కూడా ఉంది కాని, ఇప్పటి వాడుక దాన్ని దాదాపుగా కాలానికే అప్పగించింది. 'వెనకటి రోజుల్లో' అంటాం, 'వెనకటికి ఒకడు' అని కథ మొదలుపెడతాం. అందువల్ల 'వెనకటి అద్దం' అంటే ఇంతకు ముందున్న అద్దం అనే తోస్తుంది. మీరు మార్చింది పాత అద్దాన్నే కాబట్టి వాక్యం అబద్ధం కాలేదు, అంతే. చోటు చెప్పడానికి 'వెనక' చాలు. 'వెనుక' అని రాసినా తప్పులేదు. చిలుక చిలక అయినట్టే వెనుక వెనక అయింది. మధ్య అచ్చు అలా పక్కవాటితో సర్దుకోవడం మన మాటల అలవాటు. సంధి చేసి 'వెనకద్దం' అన్నా చెల్లుతుంది, 'ముందద్దం' లాగా.

అయితే 'వెనక అద్దం' కూడా నిక్కచ్చి మాట కాదు. కొన్నేళ్ల క్రితం నా పాత కారుకు వెనక అద్దం కావాలని ఒక విడిభాగాల దుకాణానికి ఫోను చేశాను. మర్నాడు అరచేతిలో పట్టే పొట్లం ఒకటి వచ్చింది. విప్పితే డ్రైవరు వెనక వచ్చే బండ్లను చూసుకునే అద్దం! ఆ కుర్రవాడి తప్పు లేదు. వెనక ఉన్న అద్దమూ వెనక అద్దమే, వెనక చూసే అద్దమూ వెనక అద్దమే. సమాసంలో ఏ విభక్తి దాగి ఉందో ఫోనులో కనిపించదు. అందుకని పక్కన టాపును చేర్చండి, అనుమానం పోతుంది.

'కిటికీ' అనకూడదా అని మీరు అడగలేదు కాని, మీకు పనికొస్తుంది కాబట్టి చెబుతాను. తెలుగులో కిటికీ అంటే తెరిచి మూసే చోటు, దాన్ని మూసి ఉంచుతూనే చూడనిచ్చేది అద్దం. జిప్పు ఉన్న టాపుల్లో ఈ తేడా డబ్బుల దాకా వస్తుంది. జిప్పు బాగుండి లోపలి షీటు ఒక్కటే పాడైతే మీరు మార్చేది అద్దం. జిప్పు, చుట్టూ ఉన్న గుడ్డ పట్టీతో సహా మొత్తం తీసి కొత్తది వేస్తే మార్చేది కిటికీ. రెండో పనికి కూలి ఎక్కువ. పని ఒప్పుకునేటప్పుడే ఏ మాట వాడారో చూసుకోండి.

మడత మంచం, మడత కుర్చీ ఉన్న భాషలో మడత టాపుకు అడ్డేమీ లేదు. మొదటిది తెలుగు మాట, రెండోది అరువు మాట. మిశ్రసమాసమని ముఖం చిట్లించేవాళ్లు చిట్లిస్తారు. గూడు బండి చూసి పెరిగినవాణ్ని కాబట్టి నాకు 'మడత గూడు' అనాలని మనసు లాగుతుంది. కాని మీ దగ్గరికి వచ్చేవాళ్లు టాపు అంటున్నారు, మీరూ టాపు అనే అనండి.

రసీదు మళ్లీ రాయవలసి వస్తే ఇలా రాయండి: 'కారు మడత టాపు వెనక అద్దం చిరిగినందున, కొత్తది కుట్టి మార్చినందుకు కూలి.' షీటు ఖరీదు కూడా అందులోనే కలిసి ఉంటే 'కూలి' తీసేసి 'మొత్తం' అనండి. మీరు పంపిన రసీదు నకలులో అది విడిగా కనిపించలేదు.